కుష్ఠరోగుల ఆత్మబంధువు ఫాదర్ డేమియన్

మన తెలుగున 'మేము' అను మాట వేరు, 'మనము' అను మాట వేరు. ఎదుటివారిని వెలుపల నుంచి పలుకునది మొదటిది; వారిని గూడ కలుపుకొని పలుకునది రెండవది. మాటలు నేర్చుచున్న బిడ్డ సైతము కొలది కాలముననే ఈ భేదమును గ్రహించును. ఐరోపా భాషలలో పెక్కింటికి ఈ వసతి లేదు. కాని పసిఫిక్ మహాసముద్రము నడుమ నున్న హవాయి దీవుల భాషలో, తెలుగునందు వలెనే, ఈ రెండింటికిని వేర్వేరు మాటలు కలవు. బెల్జియం దేశపు పల్లెటూరిలో పుట్టి, 24 ఏండ్ల ప్రాయమున మతప్రచారకుడుగా ఆ దీవులకు వెళ్లిన యువకుడొకడు ఈ రెండు మాటల నడుమ గల దూరమును తన జీవితమంతయు వెచ్చించి నడచెను. లోకమంతయు వెలివేసిన కుష్ఠరోగుల నడుమ నిలిచి వారితో 'మనము' అని పలుకగలిగిన ఆ మహనీయుడే ఫాదర్ డేమియన్. ఆయన పుట్టుకతోనే మహాత్ముడు కాడు. కోపము, మొండితనము, తొందరపాటు గల సామాన్యుడు. అట్టివాడు ఎట్లు ఎదిగెనో తెలిసికొనుటయే ఆయన చరిత్ర చదువుట వలన కలుగు ప్రయోజనము.

జననము – బాల్యము

డేమియన్ అనునది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆయన అసలు పేరు జోసెఫ్ డి వ్యూస్టర్. 1840 జనవరి 3వ తేదీన ట్రెమెలో అను పల్లెలో జన్మించెను. తండ్రి సేద్యముతో పాటు ధాన్యపు వ్యాపారము చేయుచుండెను. పెద్ద సంసారము, ఇంటిలో దైవభక్తి మెండు. జోసెఫ్ దృఢకాయుడు. పుస్తకము కంటె పనిముట్టు ఆయన చేతికి చక్కగా అమరెడిది. ఈ కుమారునకు తన వ్యాపారమును అప్పగింపవలెనని తండ్రి తలచెను. వారి ఇంటి భాష ఫ్లెమిష్. వ్యాపారమునకు ఫ్రెంచి భాష గూడ అవసరమగుటచే దానిని నేర్చుకొనుటకై కొడుకును దూరపు పాఠశాలకు పంపెను.

కాని జోసెఫ్ మనస్సు వేరొక దారిని పట్టెను. ఆయన అన్న పాంఫిల్ అప్పటికే లువెన్ నగరమున ఒక కాథలిక్ సన్యాసి సంఘమున చేరియుండెను. 1859లో, 19 ఏండ్ల వయస్సున, జోసెఫ్ గూడ ఆ సంఘముననే చేరి డేమియన్ అను పేరు స్వీకరించెను. అది పూర్వకాలమున వైద్యుడై రోగులకు సేవచేసిన ఒక సాధువు పేరు. కొత్తగా చేరిన యువకునకు లాటిన్ భాష రాదు, చదువు కొరత. అందుచే గురువులు ఆయనను పురోహిత పదవికి తగినవానిగా తలపక, మఠమున శరీరశ్రమ చేయు సోదరునిగా మాత్రము చేర్చుకొనిరి. డేమియన్ ఎదురు మాటాడలేదు. తీరిక దొరకినప్పుడెల్ల అన్న యొద్ద లాటిన్ మాటలు ఒక్కొక్కటిగా నేర్చుకొనెను. కొంతకాలమునకు పెద్దలే ఆయన పట్టుదలను చూచి తమ తీర్మానమును మార్చుకొనిరి.

అన్నకు బదులుగా ప్రయాణము

1863లో హవాయి దీవులకు ప్రచారకులను పంపవలసి వచ్చినప్పుడు సంఘము ఎన్నుకొన్నది పాంఫిల్‌ను గాని డేమియన్‌ను కాదు. ప్రయాణమునకు అన్నియు సిద్ధమైన సమయమున నగరమున టైఫస్ జ్వరము ప్రబలెను. రోగులకు సేవచేయుచున్న పాంఫిల్‌కు ఆ జ్వరము సోకెను. ప్రాణము దక్కినది గాని ప్రయాణమునకు శక్తి లేకపోయెను. డేమియన్ తాను చదువుచున్న మఠపు పెద్దను అడుగకయే, పారిస్ నగరమున నున్న సంఘాధిపతికి నేరుగా లేఖ వ్రాసి, అన్నకు బదులుగా తనను పంపుడని వేడుకొనెను. పెద్దలను దాటి వ్రాయుట మఠమర్యాదకు విరుద్ధము. దానికి స్థానికపు పెద్ద నొచ్చుకొనెను. అయినను అనుమతి వచ్చెను. అప్పటికాయన పురోహిత దీక్షయైనను పొందని 23 ఏండ్ల యువకుడు.

తల్లి వద్ద సెలవు తీసికొని, ఆ సంవత్సరాంతమున జర్మనీ దేశపు రేవులో ఓడ యెక్కెను. ఆ తల్లిని ఆయన మరల చూచుట తటస్థింపలేదు. తెరచాపల ఓడ దక్షిణ అమెరికా ఖండపు కొనను చుట్టి, నాలుగు నెలలకు పైగా సముద్రముపై తేలి, 1864 మార్చి 19వ తేదీన హొనొలూలూ రేవు చేరెను. అదే సంవత్సరము మే 21వ తేదీన అక్కడి ప్రధాన దేవాలయమున ఆయనకు పురోహిత దీక్ష లభించెను.

దీవిలో తొలి సంవత్సరములు

హవాయి అప్పుడు స్వతంత్ర రాజ్యము. దానికి దేశీయులైన రాజులుండిరి. (ఆ దీవులు అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక రాష్ట్రమైనది 1959లో.) డేమియన్‌ను అన్నిటికంటె పెద్దదైన హవాయి దీవికి పంపిరి. మొదట పూనా ప్రాంతము, పిదప అంతకంటె విశాలమైన కొహాలా, హమాకువా ప్రాంతములు ఆయన వంతునకు వచ్చెను. అది అగ్నిపర్వతముల సీమ. లోయలు లోతైనవి, దారులు కష్టమైనవి. కొన్నిచోట్లకు గుఱ్ఱముపై, కొన్నిచోట్లకు కాలినడకన, మరికొన్నిచోట్లకు దోనెపై పోవలెను. తన సొంత ప్రాంతమును ఒకమారు చుట్టివచ్చుటకే వారముల కాలము పట్టెడిది.

ఇక్కడనే ఆయన అసలు చదువు మొదలైనది. బోధింప వచ్చినవాడు మొదట నేర్చుకొనవలసి వచ్చెను. హవాయి భాష నేర్చెను. చేమదుంపలు ఉడికించి దంచి చేసిన 'పోయి' అను ముద్దను వారితో గూర్చుండి తినుట నేర్చెను. గుడి కట్టవలెనన్న వడ్రంగి లేడు, కూలి ఇచ్చుటకు ధనము లేదు. డేమియన్ రంపము, సుత్తి చేతబట్టి, దూలములు తానే మోసి, చిన్న దేవాలయములను తన చేతులతో నిర్మించెను. మఠమున లాటిన్ రానివాడని తక్కువ చేయబడినవాని పల్లెటూరి చేతిపని, ఈ పరదేశమున అన్ని విద్యల కంటె ఎక్కువగా అక్కరకు వచ్చెను.

అయినను ఒంటరితనము ఆయనను బాధించెడిది. తన సంఘపు సోదరుల ముఖము చూచుటకు నెలలు పట్టెడిది. ఇట్లు సుమారు 9 సంవత్సరములు గడచెను. ఆ కాలముననే, తన పల్లెల నుండి మనుష్యులు ఒక్కరొక్కరుగా మాయమగుట ఆయన చూచెను. అధికారులు వచ్చి వారిని పట్టుకొనిపోవుచుండిరి. కారణము కుష్ఠరోగము.

రోగము – చట్టము

మన పల్లెలలో పెద్దరోగమని చెప్పుకొను ఈ వ్యాధి హవాయి దీవులకు పరదేశముల నుండి వచ్చినది. ఇట్లు బయటనుండి వచ్చిన పలు రోగముల వలన ఆ జాతి అప్పటికే క్షీణించుచుండెను. కుష్ఠము నరములను తినివేయును. అందుచే చర్మమునకు స్పర్శ పోవును, నిప్పు కాల్చినను, ముల్లు గుచ్చుకొన్నను రోగికి తెలియదు, పుండ్లు పడును, వ్రేళ్లు కుంచించుకొనిపోవును, ముఖము వికృతమగును. ఆ కాలమున దీనికి మందు లేదు. భయము మాత్రము అపారము.

1865లో హవాయి ప్రభుత్వము ఒక చట్టము చేసెను. దాని ప్రకారము కుష్ఠరోగులను కుటుంబముల నుండి వేరుచేసి మొలొకాయ్ దీవికి పంపవలెను. ఆ దీవి ఉత్తర తీరమున సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన సమతల భూమి యొకటి కలదు. మూడు ప్రక్కల సముద్రము. నాలుగవ ప్రక్క గోడవలె నిలిచిన సుమారు 2,000 అడుగుల కొండచరియ. మనుష్యుడు కట్టనక్కరలేని కారాగారమది. 1866 జనవరిలో మొదట 12 మంది రోగులను అక్కడి కలవావో అను చోట దింపిరి. వారు సేద్యము చేసికొని తమకు తామే జీవింతురని అధికారులు తలచిరి. చేతివ్రేళ్లు లేనివారు నాగలి పట్టుట యెట్లో ఎవరును ఆలోచింపలేదు.

ఒక విషయము ఇక్కడ మరువరాదు. రోగులతో పాటు ఆరోగ్యవంతులైన భార్యలు, భర్తలు, బంధువులు కొందరు తమంతట తామే ఆ చెరకు వెళ్లిరి. హవాయి భాషలో వారిని సహాయకులను అర్థము గల 'కోకువా' అను పేరుతో పిలిచిరి. చరిత్రలో వారి పేర్లు పెక్కు నిలువలేదు. ప్రేమతో రోగిని తాకిన మొదటి చేతులు మాత్రము వారివే.

కలవావోకు రాక

1873 మే నెలలో మావీ అను దీవియందు కొత్తగా కట్టిన దేవాలయపు ప్రారంభోత్సవము జరిగెను. అక్కడ సమావేశమైన పురోహితులతో బిషప్ మైగ్రే మొలొకాయ్ రోగుల దుఃస్థితిని ప్రస్తావించెను. అక్కడికి పోయినవానికి ఆ రోగము సోకవచ్చునని ఎరిగిన ఆయన ఎవరిని ఆజ్ఞాపింపలేదు. నలుగురు యువకులు తామే ముందుకు వచ్చిరి. వంతులవారీగా కొన్ని వారములు చొప్పున పోవుటకు ఏర్పాటు జరిగెను. మొదటి వంతు డేమియన్‌ది. ఆయన వయస్సప్పుడు 33 సంవత్సరములు. మే 10వ తేదీన బిషప్ తానే వెంటవచ్చి ఆయనను కలవావోలో దింపెను. డేమియన్ అక్కడి స్థితి చూచిన పిమ్మట, తనను అక్కడనే ఉండనిండని వ్రాసెను. రెండవవాని వంతు రానేలేదు.

అప్పటికక్కడ ఆరేడు వందల మంది రోగులుండిరి. నివసించుటకు గడ్డి పాకలు, చాలని ఆహారము, దూరమునుండి మోసి తెచ్చుకొనవలసిన నీరు. బలముగలవారు బలహీనులను దోచుకొనుట, దుంపలనుండి కాచిన సారాయి త్రాగి ఒడలు మరచుట సాధారణమైయుండెను. మరణము నిశ్చయమని తెలిసినచోట ధర్మమెందులకని కొందరి వాదము. చనిపోయినవారిని చాపలో చుట్టి లోతులేని గోతులలో పూడ్చెడివారు. పందులు వచ్చి త్రవ్వెడివి.

కొత్తగా వచ్చిన పురోహితునకు ఇల్లు లేదు. దేవాలయము ప్రక్క నున్న ఒక మొగలిజాతి చెట్టు క్రింద ఆయన మొదటి రాత్రులు గడపెను. రోగులను తాకరాదు, వారి ఇండ్లలో భుజింపరాదు అని పెద్దలు ముందే హెచ్చరించియుండిరి. ఆయన శరీరము గూడ ఆ హెచ్చరికతో ఏకీభవించెను. మూసియున్న పాకలోనికి పోయినప్పుడు పుండ్ల దుర్గంధము భరింపలేక బయటికి పరుగెత్తవలసి వచ్చెడిది. ఆ వాసనను కప్పుకొనుటకే ఆయన చుట్టగొట్టములో పొగాకు కాల్చుట అలవరచుకొనెను. అసహ్యము తెలియనివాడై కాదు, తెలిసియు మరల లోపలికి పోయిన వాడగుటచే ఆయన గొప్పవాడు.

కొలది కాలముననే ఆయన తెలిసికొనిన దేమనగా, ఎడముగా నిలిచి చేయు సేవను ఆ రోగులు సేవగా స్వీకరింపరు. వారి ఆచారమున అతిథియు ఇంటివారును ఒకే పాత్రలో వ్రేళ్లు ముంచి భుజింతురు. ఆ పాత్రను కాదన్నవాడు మనిషిని కాదన్నట్లే. డేమియన్ ఆ పాత్రలో చేయి పెట్టెను. తన పొగగొట్టమును అడిగినవారికి ఇచ్చెను. తన చేతులతో పుండ్లు కడిగి కట్లు కట్టెను. వచ్చిన మొదటి సంవత్సరముననే, తన దేహమున ఏ రోగమును లేని దినములలోనే, ఆయన ప్రసంగించునపుడు రోగులారా యని సంబోధించుట మానివేసెను. తనను గూడ వారిలో చేర్చుకొని, కుష్ఠరోగులమైన మనము అను భావముతో పలుకనారంభించెను.

చేతులతో చేసిన సేవ

డేమియన్ సేవ ప్రార్థనలతో ముగియలేదు. చావునకు మర్యాద లేనిచోట బ్రతుకునకు మర్యాద యుండదని గ్రహించినవానివలె, దేవాలయము ప్రక్క శ్మశానమునకు స్థలమేర్పరచి కంచె వేసెను. శవపేటికలు తానే చేసెను. గోతులు తానే త్రవ్వెను. వందలకొలది శవపేటికలు ఆయన చేతిమీదుగా తయారయ్యెను.

పిదప నీరు. ప్రక్క లోయలో ఎన్నటికిని ఎండని జలాధారమును కనుగొని, ప్రభుత్వమును వేధించి గొట్టములు తెప్పించి, శక్తిగల రోగులను కూడగట్టుకొని వాటిని పరపించి, ఊరి నడుమకు నీరు తెప్పించెను. 1874లో పెనుగాలి వీచి గడ్డి పాకలు పడిపోయినప్పుడు, ప్రభుత్వమునుండి కలప సంపాదించి, నేలకు ఎత్తుగా తెల్లసున్నము పూసిన కొయ్య ఇండ్లు కట్టుటకు పూనుకొనెను. తల్లిదండ్రులు లేని పిల్లలకు తన ఇంటి ప్రక్కనే వసతిగృహములు కట్టి, బాలురకు సేద్యము, బాలికలకు కుట్టుపని నేర్పించెను. పాటకుల బృందము, వాద్యబృందము ఏర్పడెను. వాద్యము వాయించువారిలో వ్రేళ్లు తక్కువైనవారుండుటచే, ఒకే వాద్యమును ఇద్దరు కలిసి వాయించిన సందర్భములు గూడ కలవని చెప్పుదురు. పండుగలు వచ్చెను, ఊరేగింపులు వచ్చెను. చచ్చుటకు పంపబడినవారు బ్రతుకుట మరల మొదలుపెట్టిరి.

లోపములు – ఒంటరితనము

ఇట్టి మనిషియందు లోపములు లేవనుట సత్యము కాదు. డేమియన్‌కు కోపము ఎక్కువ. సారాయి కాయుచోటికి చేతికఱ్ఱతో పోయి కుండలు పగులగొట్టెడివాడు. పనులలో క్రమము తక్కువ. ఒకటి ముగియకముందే మరియొకటి చేపట్టెడివాడు. ఆరోగ్యశాఖ అధికారులకు కలపకొరకు, బట్టలకొరకు, ఆహారముకొరకు విడువక వ్రాయుచుండుటచే వారు విసుగు చెందిరి. ఆయనకు తోడుగా వచ్చిన పురోహితులు ఆయనతో ఇమడలేకపోయిరి. తప్పు అన్నివేళల వారిదే కాదు. ఆయన కీర్తి దేశాంతరములకు వ్యాపించి, 1886లో ఇంగ్లండునందు వేరొక క్రైస్తవ శాఖకు చెందిన పురోహితుడు రోగులకొరకు విరాళములు సేకరించి పంపినప్పుడు, తన పెద్దలే ఆయన పేరు కొరకు ప్రాకులాడుచున్నాడని అనుమానించిరి.

ఒంటరితనము అన్నిటికంటె కఠినమైన పరీక్ష. వచ్చిన మొదటి సంవత్సరముననే, రోగుల సీమను విడిచి పోరాదని ఆయనకు అధికారులు ఆజ్ఞ ఇచ్చిరి. కాథలిక్ పురోహితుడు మరియొక పురోహితుని యెదుట తన పాపములు చెప్పుకొనుట నియమము. ఒకమారు సంఘపు పెద్ద ఓడలో వచ్చెను గాని ఆయనను దిగనీయలేదు. డేమియన్‌ను ఓడ యెక్కనీయలేదు. డేమియన్ చిన్న పడవలో ఓడ దాపునకు పోయి, క్రింద నిలుచుండి, పైన నిలిచియున్న పెద్దకు తన పాపములను అందరు వినుచుండగా ఫ్రెంచి భాషలో బిగ్గరగా చెప్పుకొనెను. గర్వము గలవానికి ఇది సాధ్యమగు పని కాదు. పిన్నవయస్సున పెద్దలను దాటి లేఖ వ్రాసిన తొందరపాటు ఇంకను ఆయనలో నుండెను. కాని దాని సరసనే ఈ వినయము గూడ పెరుగుచుండెను.

1881లో రాజకుమారి లిలియువొకలాని, తన అన్నయగు రాజు విదేశయాత్రలో నుండగా, రాజప్రతినిధిగా ఆ సీమను దర్శించెను. ఎదుట నిలిచిన తన ప్రజలను చూచి గొంతు పూడుకొనిపోయి ఆమె ప్రసంగమును పూర్తిచేయలేకపోయెను. డేమియన్‌కు రాజ్యపు బిరుదమును, పతకమును పంపెను. ఆ పతకమును ఆయన మిక్కిలి అరుదుగా ధరించెను.

రోగము సోకుట

1884 డిసెంబరులో ఒకనాడు చాలదూరము నడచివచ్చి, అలసిన కాళ్లను వేడినీటిలో పెట్టెను. నీరు మరుగుచుండెను. పాదము బొబ్బలెక్కెను గాని ఆయనకు నొప్పి తెలియలేదు. నొప్పి లేకపోవుట యేమి చెప్పుచున్నదో 11 ఏండ్లుగా రోగుల నడుమ నున్న ఆయనకు వేరొకరు చెప్పనక్కరలేదు. 1885లో వైద్యులు దానిని నిర్ధారణ చేసిరి.

ముసలితల్లికి ఈ వార్త తెలియనీయరాదని ఆయన కోరెను. కాని పత్రికలు సముద్రములు దాటి పోవును. తల్లి 1886లో మరణించెను.

రోగము తెలిసిన పిదప ఆయన పని తగ్గలేదు, వేగము పెరిగెను. కట్టవలసిన ఇండ్లు, విస్తరింపవలసిన దేవాలయము, తన తరువాత పిల్లలను చూచువారు ఎవరను చింత - ఇవియే ఆయన తొందర. ఈ కడపటి దినములలో తోడు లభించెను. 1886లో జోసెఫ్ డట్టన్ అను అమెరికా దేశస్థుడు వచ్చెను. ఆయన పూర్వము సైనికుడు. ఏ వేతనమును లేక సేవచేయ వచ్చి, 1931లో మరణించువరకు ఆ పనియందే యుండెను. 1888 నవంబరులో మదర్ మేరియన్ అను సన్యాసిని ఇద్దరు సహచరులతో వచ్చి బాలికల భారమును స్వీకరించెను. ఆ సంవత్సరపు డిసెంబరులోనే ఎడ్వర్డ్ క్లిఫర్డ్ అను ఆంగ్ల చిత్రకారుడు ఆయనను చూడవచ్చెను. అంతకుముందు భారతదేశమున సంచరించిన ఆ చిత్రకారుడు, అప్పుడు ఈ రోగమునకు వాడుకలోనున్న గర్జన్ నూనెను ఆయనకై తెచ్చెను. ఆ నూనె వలన కొంత ఉపశమనము మాత్రము కలిగెను. రోగము తగ్గు దశ దాటిపోయియుండెను.

1889 ఏప్రిల్ 15వ తేదీన, 49 ఏండ్ల వయస్సున, డేమియన్ పరమపదించెను. మొదటి రాత్రులు తాను పండుకొన్న మొగలిజాతి చెట్టు క్రిందనే రోగులు ఆయనను సమాధిచేసిరి. వచ్చిననాటి నుండి లెక్కింప 16 సంవత్సరములకు నెలకంటె తక్కువ కొదువ.

మరణానంతరము

ఆయన మరణించిన కొలది నెలలకే హొనొలూలూలోని ఒక మతాచార్యుడు ఆయన శీలమును నిందించుచు వ్రాసిన లేఖ పత్రికలకెక్కెను. అప్పటికే స్కాట్లండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆ సీమను దర్శించి, రోగుల నడుమ వారము దినములు గడపి, డేమియన్‌ను మెచ్చనివారి మాటలు గూడ విని వచ్చియుండెను. 1890లో ఆయన ఒక బహిరంగలేఖ ప్రకటించెను. డేమియన్ మొరటుతనమును, మొండితనమును దాచక ఒప్పుకొనుచు, హాయిగా ఇంట కూర్చున్నవారికి ఆ మొరటువానిని తూకము వేయు అర్హత లేదని ఆ లేఖ సారాంశము. మిత్రుడు కప్పిపుచ్చిన దానికంటె, సత్యము చెప్పి సమర్థించినదే ఎక్కువ కాలము నిలుచునని దాని వలన తెలియుచున్నది.

ఆయన మరణవార్త మన దేశమును గూడ పరోక్షముగా తాకినది. ఇంగ్లండున ఆయన స్మారకముగా మొదలైన యత్నము కుష్ఠనివారణ నిధిగా రూపొందెను. ఆ నిధి పంపిన వైద్యసంఘము 1890–91లో భారతదేశమున సంచరించి, ఈ రోగము జనులు భయపడునంత సులభముగా అంటుకొనదని నివేదించెను. 1895లో, ఏ అన్నకు బదులుగా డేమియన్ ఓడ యెక్కెనో ఆ పాంఫిల్ తానే వృద్ధుడై మొలొకాయ్ వచ్చి, తమ్ముడు పనిచేసిన చోట కొంతకాలము పనిచేసెను.

డేమియన్ మొలొకాయ్‌లో కాలుపెట్టిన 1873లోనే నార్వే దేశమున హాన్సెన్ అను వైద్యుడు ఈ రోగమునకు మూలమగు సూక్ష్మజీవిని కనుగొనియుండెను. కాని పనిచేయు మందు ఆ రోగులకు 1946లో గాని అందలేదు. హవాయిలో నిర్బంధ చట్టము 1969లో రద్దయ్యెను. ఆ నూరేండ్లలో సుమారు 8,000 మంది అక్కడికి పంపబడిరి. నేడు కుష్ఠము పూర్తిగా నయమగు వ్యాధి. పెక్కుమందికి దానిని ఎదిరించు శక్తి శరీరముననే కలదు. మందు మొదలుపెట్టిన కొలది కాలమునకే రోగినుండి ఇతరులకు సోకు భయము తొలగును. మచ్చపై స్పర్శ తగ్గినచో దాచుకొనక వైద్యుని చూడవలెను. మందు దొరకినను మనుష్యుల మనస్సులోని వెలి మాత్రము ఇంకను పూర్తిగా తొలగలేదు. దానికి మందు డేమియన్ చూపినదే.

1936లో బెల్జియం ప్రభుత్వపు కోరికపై ఆయన భౌతికకాయమును మొలొకాయ్ నుండి స్వదేశమునకు కొనిపోయి లువెన్ నగరమున ఉంచిరి. తమ తండ్రిని తీసికొనిపోవుచున్నారని అక్కడి రోగులు దుఃఖించిరి. 2009లో రోము నగరమున ఆయనకు కాథలిక్ సంఘము పునీతుల శ్రేణిలో స్థానమిచ్చెను. అంతకుముందే, 1995లో, రోగుల సీమకు వారి సొత్తు కొంత తిరిగి వచ్చెను. లువెన్ నుండి ఆయన కుడిచేతి అస్థికలను తెచ్చి కలవావోలోని పాత సమాధియందు నిక్షేపించిరి. పుండ్లు కడిగినదియు, శవపేటికలు చేసినదియు, రోగుల పాత్రలో ముంచినదియు ఆ చేయియే. ఆ చేయి వారికి దక్కుట న్యాయము.

ప్రతి గ్రామమునను అరుగు మీదికి రానీయబడక దూరముగా నిలిచియుండు వారెవరో ఒకరుందురు. కారణము రోగమే కానక్కరలేదు. వారిని చూచినప్పుడు మన నోట 'మేము' అను మాట వచ్చునో, 'మనము' అను మాట వచ్చునో ఎవరికివారు పరీక్షించుకొనవచ్చును. లాటిన్ రాని రైతుబిడ్డ పరదేశమున నేర్చి, పదునారేండ్లు పాటించి చూపిన పాఠమదియే.